హెడ్ సిస్టరే క్వాలిటీ!

మా రోజుల్లో ఆసుపత్రిలో క్వాలిటీకని వేరే గది, వేరే మేనేజరు ఉండేవాళ్లు కాదు నాయనా. హెడ్ సిస్టరే క్వాలిటీ. డ్యూటీ మారేటప్పుడు మంచం మంచం దగ్గరా ఆగి, పేషెంటు ఎదుటే ఒకరికొకరం అప్పజెప్పుకునేవాళ్లం. ఇప్పుడో? ఆసుపత్రి నాణ్యతకు కొలతలంటూ ఎన్‌ఏబీహెచ్ అంటారు, ఎన్‌క్వాస్ అంటారు, కాయకల్ప అంటారు. పొద్దున ఫైళ్లు, సాయంత్రం కంప్యూటరు. ఇక పేషెంటు మొహం చూసేదెప్పుడు?

బెడ్ సోర్ల సంగతే తీసుకో. ఎవరికి పుండ్లు పడే ముప్పుందో చెప్పడానికి మీకు బ్రేడెన్ స్కోరు కావాలి, చార్టు కావాలి. మా మేట్రనమ్మ దుప్పటి కింద అరచెయ్యి పెట్టి తడిమేది. ముడత తగిలిందా, పక్క మళ్లీ పరవాల్సిందే. రెండు గంటలకోసారి పేషెంటును పక్కకు తిప్పడం, వీపుకు స్పిరిటు రాసి పౌడరు అద్దడం. స్పిరిటు చర్మాన్ని ఎండగడుతుందని ఇప్పుడంటున్నారు, అననీ. ఆ వంకనైనా రోజూ వీపు చూసేవాళ్లం కదా!

స్పిరిటంటే గుర్తొచ్చింది, గాజు సిరంజీలు. వాటిని ఉడకబెట్టే ముందు సూది మొనను దూదిలో గుచ్చి లాగేవాళ్లం. ఒక్క పోగు పట్టుకుందంటే మొన వంగినట్టే. సానరాయి మీద అరగదీయాలి. మీకేం, ప్యాకెట్టు చింపడం, పొడవడం, పారెయ్యడం. డిస్పోజబుల్ సిరంజీలు రావడం మంచిదే, కాదనను. ఒకరి రోగం ఇంకొకరికి అంటకుండా ఆపాయి. కానీ ఆ మొనను అంత శ్రద్ధగా చూసిన కళ్లు మీకేవీ?

జిల్లా ఆసుపత్రులకు ఎన్‌క్వాస్ 2013లో వచ్చింది. నూటికి 70 దాటితే సర్టిఫికెట్టట. పరీక్షించేవాళ్లు వస్తున్నారంటే చాలు, గోడలకు రంగులు, సింకుల పైన చేతులు కడుక్కునే బొమ్మలు. మా సూపరింటెండెంటుగారు ఏ పూట ఊడిపడతారో తెలిసేది కాదు, అందుకే మాకు రోజూ పరీక్షే.

లెక్కలు వద్దనడం లేదు. మా కాలంలో ఎందరికి పుండ్లు పడ్డాయో ఎవరూ రాసిపెట్టలేదు. మా రోజులే గొప్పవని రుజువు చూపమంటే నా దగ్గర కాగితం ముక్క లేదు. లెక్క విలువ నాకూ తెలుసు. వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు ప్రసూతి విభాగాలు రెండింటిలో బాలింతల చావులను పక్కపక్కన పెట్టి చూశాడు. డాక్టర్లు, విద్యార్థులు ఉండే విభాగంలోనే చావులెక్కువ, మంత్రసానులు ఉండేచోట తక్కువ. 1847లో క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు, చావులు తగ్గాయి. అదీ లెక్కే. కానీ ఆయన పనిచేసింది ఆ తల్లుల మంచాల మధ్య.

మీరూ లెక్క రాయండి, ఎవరొద్దన్నారు? రాసేముందు అర్ధరాత్రి ఒకసారి వార్డుకు వెళ్లి, ఎడమ పక్కకు తిప్పామని చార్టులో ఉన్న పేషెంటు నిజంగా ఏ పక్కకున్నాడో చూసి రా. ఆ తర్వాతే ఆ గడిలో టిక్కు పెట్టు నాయనా.