కార్నర్‌కి పాట్లు: సటీకా తాత్పర్యం

అవతారిక

మెదక్ సీమ కొలిచారం వాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ, ఆధారం లేని మాట ఒక్కటీ రాయనని ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకేం, చేతిలో తాళపత్రాలున్నాయి. నాకు దొరికిన మూలం కాశీబుగ్గ బస్టాండు పక్క టీ బడ్డీలో పుట్టింది. దాన్ని ఏ లేఖకుడూ ఎత్తి రాయలేదు. చెప్పిన కవి టీ డబ్బులు ఖాతాలో వేయించి పలాస స్టేషన్ వైపు వెళ్లిపోయాడు. అయినా ఆ రెండు పాదాలూ పలాస నుంచి టెక్కలి దాకా, ఇటు ఉద్దానం తీరం దాకా పాకాయి. వ్యాఖ్య లేకుండా అంత దూరం నడిచిన కావ్యానికి ఇప్పుడైనా ఒక టీక రాయకపోతే బాగుండదని పూనుకున్నాను.

మూలం

రైడర్‌కి కోట్లు, కార్నర్‌కి పాట్లు;
మనకి ఈసారీ నేదు బావూ!

సందర్భం

మూలం అంతకు ముందుదే; దాని మీద వాదన మాత్రం 2025 జులై, ఆగస్టు నెలలది. ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ ఆగస్టు 29న విశాఖలో మొదలు కావాలి. మన జట్టు తెలుగు టైటాన్స్ శిబిరంలో ఉంది. ఆ శిబిరంలో ఎవరు ఎవరి మోకాలు పట్టుకుంటున్నారో పలాసలో ఒక్కరికీ తెలియదు. తెలిస్తే వాదన ఒక్క పూటలో తేలిపోయేది. తెలియదు కాబట్టే రెండు నెలలు నడిచింది. శిబిరంలో ఉన్నవాళ్లలో ఏడుగురే మ్యాట్ ఎక్కాలి. ఆ ఏడుగురి పేర్లూ బడ్డీ దగ్గర పాత క్యాలెండరు వెనక ఎక్కుతూ, కొట్టివేతలు పడుతూ, మళ్లీ ఎక్కుతూ ఉండేవి.

ప్రతిపదార్థం

రైడర్‌కి = కూత పెట్టి అవతలి కోర్టులోకి వెళ్లి, ముప్ఫై సెకన్లలో ఎవరినో ఒకరిని తాకి రావలసిన వాడికి; కోట్లు = అనేక కోట్ల రూపాయలు.

ఇక్కడ ఆగాలి. కావ్యకాలం తేల్చడానికి ఈ బహువచనం ఒక్కటే ఆధారం. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని టైటాన్స్ 1 కోటి 45 లక్షలకు కొంది. అది కోటి పైచిలుకే తప్ప ‘కోట్లు’ కాదు, వ్యాకరణం ఒప్పుకోదు. 2023 అక్టోబరు వేలంలో పవన్ సెహ్రావత్‌కి ఇదే జట్టు 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. బహువచనం సిద్ధించింది. మరుసటి ఏడు అతన్నే 1 కోటి 72 లక్షల 50 వేలకు వెనక్కి తెచ్చుకుంది, మళ్లీ ఏకవచనం. కాబట్టి ఈ మూలం 2023 అక్టోబరుకి ముందుది కాజాలదు, 2024 వేలం తరవాతదీ కాజాలదు. ఇంత నికరంగా కాలనిర్ణయం జరిగిన తెలుగు కావ్యాలు చాలా లేవు.

కార్నర్‌కి = కోర్టుకి రెండు చివరలా నిలబడి, వచ్చిన వాడి చీలమండ కోసం కాచుకునే వాడికి; పాట్లు = అగచాట్లు.

‘కోట్లు’తో అంత్యప్రాస కుదిరింది కదా అని ఈ మాట పడిందనేవాళ్లున్నారు. కాదు, లెక్క ఉంది. పవన్ వచ్చిన ఆ సీజన్లో టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి రెండే గెలిచింది. దానికి ముందు సీజన్లో రెండు. ఆ ముందు, బెంగళూరులో ప్రేక్షకులు లేకుండా జరిగిన సీజన్లో ఒక్కటి. మూడు సీజన్లు, 66 మ్యాచ్‌లు, అయిదు గెలుపులు. బడ్డీ దగ్గర ఆటో నడిపే కవిశేఖరుడొకాయన వాక్యం దీనికి చక్కటి ఉపవ్యాఖ్య: “అన్ని కోట్లెట్టి ఒక్కడిని కొన్నాక, పక్కోడికి టీకయినా మిగల్నేదు.”

కార్నర్ విషయంలో తీరపాఠం వారే ప్రమాణం. తీరపాఠం వారంటే వజ్రపుకొత్తూరు మండలం మంచినీళ్లపేట వైపు వేటకు పోయేవాళ్లు. కారణముంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. 2025 సీజన్ ఆటగాళ్ల వేలం ముంబైలో మే 31న, జూన్ 1న జరిగింది. పడవలు ఒడ్డున, మనుషులు టీవీ ముందు. బడ్డీకి వచ్చేవాళ్లలో జీడిపిక్కల వ్యాపారి బేరం మధ్యలో సగం చూశాడు, బస్సు కండక్టరు అసలే చూడలేదు. వేలం పాట మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూసింది వీళ్లే. వాళ్లలో ఒక పెద్దాయన కార్నర్‌కి చెప్పిన అర్థం ఏ నిఘంటువులోనూ దొరకదు.

“అలివి లాగినప్పుడు అందరూ తాడట్టుకుంటారు బావూ. కొసల కాడున్నోడు వదిలేస్తే సేపేటుంటాది?”

అలివి వల చూడనివారి కోసం: పడవ మీద వలను అర్ధచంద్రాకారంగా దింపి, తాళ్ల రెండు కొసలూ ఒడ్డుకి తెచ్చి, రెండు జట్లుగా మనుషులు లాగుతారు. రెండు కొసలూ దగ్గరయ్యేదాకా చేప లోపల ఉన్నట్టు కాదు. మధ్యలో ఎంత బలమైనవాడున్నా కొస వదులైతే అంతా అక్కణ్నించే జారిపోతుంది. పది మీటర్ల వెడల్పు మ్యాట్ మీద ఏడుగురు చేతులు పట్టుకుని వంగి నిలబడటం ఈయన కంటికి అలివిలాగే కనబడింది. నేను రెండు వారాలు కబడ్డీ పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఈయన చుట్ట కాల్చుకుంటూ ఒక్క ముక్కలో చెప్పేశాడని ఒప్పుకోక తప్పదు.

మనకి = మనకు.

చూడటానికి ఇంత తేలికైన మాట మూలంలో ఇంకొకటి లేదు. వ్యాఖ్యాతలు తన్నుకున్నదీ దీని దగ్గరే.

పూర్వపక్షం: ఎవరికి ‘మనకి’? కెప్టెన్ విజయ్ మలిక్, రైడర్ భరత్ హుడా, కోచ్ కృషన్ కుమార్ హుడా, ఉత్తరాది పేర్లే అన్నీ. జట్టులో తెలుగు గొంతు వెతుక్కోవాలి. పైగా ఈ కోచ్ గారే 2022 ఫిబ్రవరిలో దబంగ్ ఢిల్లీకి కప్పు అందించాడు. ఆ సీజన్లోనే టైటాన్స్ గెలిచింది ఒక్కటంటే ఒక్కటి. సంక్రాంతికి ఊరూరా ఇసకలో సెడుగుడు ఆడే మన గుంటలు టీవీ ముందు, ఎక్కడివాళ్లో మన పేరు చొక్కా మీద. ఇందులో ‘మన’ ఎక్కడుందని ప్రశ్న. ప్రశ్న వేసినవాడు పలాస కాలేజీ కుర్రాడు. ఆ పూట బడ్డీలో అందరూ చప్పబడ్డారు.

సిద్ధాంతం టెక్కలి నుంచి వచ్చింది. గ్రానైటు రాయి కోసే యూనిట్లో పనిచేసే ఒకాయన, బట్టల మీద తెల్లటి రాతి పిండి ఇంకా దులపకుండానే, ఇలా సమాధానం చెప్పాడు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా గూడకొంగలూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి చింతచెట్ల మీదా తుమ్మల మీదా గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊరి నమ్మకం. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకి ఎగరడం నేర్పి తీసుకుపోతాయి. ఊళ్లోవాళ్లు వాటిని పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూస్తారు, రాళ్లు వెయ్యనివ్వరు. “ఆటినెవరయినా మీదే ఊరని అడిగేరేటి? మన సెట్టెక్కితే మన పిట్టే.”

కుర్రాడు వదల్లేదు. “పిట్టకి రెండు కోట్లిచ్చేరేటి మావా?”

నా తీర్పు సిద్ధాంతి పక్షానే గాని, పూర్వపక్షం ఓడిందని అనను. చెట్టు మనది. ఆ చెట్టు మీద మన ఊరి పిచ్చుకకి చోటు లేకపోవడం కూడా మన సంగతే.

ఈసారీ = ఈ మారు సైతం.

దీర్ఘం మీద దృష్టి పెట్టాలి. ‘ఈసారి’ అంటే ఒక ఓటమి, ‘ఈసారీ’ అంటే చరిత్ర. 2014లో లీగు పుట్టినప్పటి నుంచీ టైటాన్స్ ఉంది. 2015లో మూడో స్థానం, 2016లో సెమీఫైనల్. రాహుల్ చౌధరి కూత పెడితే ఉద్దానంలో కొబ్బరాకు కదిలిందని చెప్పుకునే రోజులవి. అతను ఈ జట్టుకి ఆడిన ఆఖరి సీజన్ 2018 అక్టోబరు 7న మొదలైంది. నాలుగు రోజుల తరవాత, 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస మొదలంటా పడ్డాయి. స్తంభాలు వంగాయి. కరెంటు రావడానికి రోజులు పట్టింది. కొన్ని ఊళ్లలో ఆ చీకటి నెల దాకా సాగింది. రాహుల్ ఎన్ని తెచ్చాడో అడిగే తీరిక ఎవరికీ లేదు. పడిన చెట్లు కోసే రంపపు మోత మధ్య, ఫోనులో చార్జింగు మిగిలినవాడొకడు స్కోరు అరిచి చెప్పేవాడట. ఆ డిసెంబరులో మ్యాచ్‌లు విశాఖకి వచ్చినప్పుడు, పలాసలో రైలెక్కి వెళ్లినవాళ్లున్నారు. చెట్లు పోయినవాళ్లే. ఎందుకెళ్లావని ఒకాయన్ని అడిగితే, “ఇంటికాడ సూడ్డానికేటుంది?” అన్నాడు. ఈ దీర్ఘంలో అదంతా ఉంది.

నేదు = లేదు.

పాఠాంతరాలు మూడు. పలాస ప్రతిలో ‘నేదు’. టెక్కలి ప్రతిలో ‘డౌటే’. అది పరిష్కర్తల చేతివాటం, త్యాజ్యం. తీరం ప్రతిలో ‘ఏదీ?’ అని ప్రశ్న. ఆశ ఉన్నవాడి పాఠమది. వినడానికి సొంపుగా ఉన్నా, ఎక్కువమంది నోట ఉన్నది ‘నేదు’ కనుక దాన్నే గ్రహించాను. ఏది లేదు? కప్పు అని అధ్యాహారం.

బావూ = బాబూ. పై జిల్లాల వ్యాఖ్యాత ఒకరు దీన్ని ‘బావ’కు సంబోధనగా తీసుకుని, వక్తకూ శ్రోతకూ మేనరికం అంటగట్టారు. శ్రీకాకుళం వారికి వేరే చెప్పనక్కర్లేదు.

తాత్పర్యం

రైడర్ మీదే సొమ్మంతా పోసి, కాపు కాసేవాళ్లని గాలికి వదిలేస్తే కప్పు రాదు.

విశేషాంశములు

తాత్పర్యం ఒక్క వాక్యంలో అయిపోయింది గాని, నవ్యులకూ ప్రాచీనులకూ పేచీ ఇక్కడే మొదలు. నవ్యుల వాదం: మూలం 2023 నాటిది, 2025 జట్టుకి వర్తించదు. పవన్‌ని వదిలేశారు. భరత్ హుడా అనే రైడర్‌కి 81 లక్షలు పెట్టారు, శుభం షిండే అనే కార్నర్‌కి 80 లక్షలు పెట్టారు. కోట్లూ లేవు, పాట్లూ లేవు, తేడా లక్ష. కావ్యం పాతబడిపోయింది కనక చదవడం మానాలి. ప్రాచీనుల జవాబు: శిబిరంలో అందరూ సింహాలే. నిరుడూ ఇలాగే అన్నారు, నిరుడు ప్లేఆఫ్ గడప దాకా వచ్చి గడప మీదే ఆగారు.

టెక్కలి వారిది మూడో మతం, చీలిక మతం. సీలికున్న బండకి ఎంత పాలిసు పట్టినా కోతలో ఇరిగిపోతాది. సిద్ధార్థ్ దేశాయ్ గాయంతో ఒక సీజన్ చాలావరకు బయటే కూర్చున్నాడు. పవన్ తమిళ్ తలైవాస్‌కి 2022లో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోగొట్టుకున్నాడు. కాబట్టి పేర్లు చూడకండి, మోకాళ్లు చూడండి అంటారు వాళ్లు. కలకత్తా రైలు దిగిన మోకాలి డాక్టరొకాయన ఈ మతాన్ని పూర్తిగా సమర్థించి రెండు టీలు తాగాడు.

ఈ ముగ్గురి నోళ్లూ ఒక్కసారిగా మూయించింది ఒకావిడ. పలాసలో జీడిపప్పు గ్రేడింగు చేస్తుంది. ఆవిడ కొడుకు వాదనలో పడి ఇంటికి రాకపోతే, జీడిపప్పు పొడి అంటిన చేతులతోనే బడ్డీకి వచ్చింది. జీడిలో గ్రేడు నంబరంటే పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్క. 180 అంటే లావు పప్పు, 320 అంటే సన్నది. నంబరు తగ్గిన కొద్దీ ధర ఎక్కువ. ఆవిడ తక్కెడ ముట్టదు. చూపుడు వేలు, బొటనవేలు మధ్య పప్పు ఒక్కసారి దొర్లితే ఏ కుప్పలోకి పోవాలో అది పోతుంది. మాటలాడుతున్నా, తిడుతున్నా వేళ్లు ఆగవని కొడుకే చెప్పాడు. క్యాలెండరు వెనక ఏడుగురి పేర్లూ, పక్కన మార్కులూ చూసింది.

“ఆట మొదలెట్టేరా?”

“నేదమ్మా, క్యాంపులో ఉన్నారు.”

“మరైతే బోర్మాలోనే ఉన్నారు. పొట్టు తియ్యకండా గ్రేడెలగ కడతార్రా?”

బోర్మా అంటే పెంకు కొట్టి తీసిన పప్పుని వేడి గాలికి ఆరబెట్టే గది. అక్కణ్నించి బయటికొచ్చాక పొట్టు తీయాలి, ఆ తరవాతే గ్రేడు. లోపల అందరూ పొట్టుతోనే ఉంటారు. 180 ఎవరో, బద్ద ఎవరో ఎవరికీ తెలియదు. శిబిరానికి ఇంతకంటే మంచి పర్యాయపదం నేనెరగను. కొడుకు చెవి పట్టుకుని తీసుకెళ్లింది. క్యాలెండరు మాత్రం గోడకే ఉంది.

అలంకారం: తొలి పాదంలో అంత్యప్రాస, మలి పాదంలో నిర్వేదం. రసం: చెప్పేటప్పుడు కరుణ, వినేవాళ్లకి హాస్యం.

ఉత్తరకథ

ఆగస్టు 29 వచ్చింది. విశాఖలో తొలి మ్యాచ్. ఎదురుగా తమిళ్ తలైవాస్, వాళ్ల చొక్కాలో మన పవన్. 38–35తో గెలిచింది తలైవాస్. ఆ రాత్రి మూలం పలాసలో ఎన్నిసార్లు పారాయణమైందో లెక్కలేదు. ఆ పైన నవ్యులకి మంచి రోజులొచ్చాయి. జట్టు లేచింది, ప్లేఆఫ్‌కి వెళ్లింది, బెంగళూరు బుల్స్‌ని ఓడించింది, పట్నా పైరేట్స్‌ని ఇంటికి పంపింది. అక్టోబరు నెలాఖరుకి రెండో క్వాలిఫయర్, పుణేరి పల్టన్‌తో. ఒక్క మెట్టెక్కితే ఫైనల్. భరత్ ఒక్కడే బోలెడు పాయింట్లు తెచ్చాడు, టైటాన్స్ 45 కొట్టింది. పుణే 50 కొట్టింది.

నలభై అయిదు తెచ్చుకుని ఓడిన జట్టుని చూసి బడ్డీలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత మూల నుంచి చుట్ట పొగ, దాని వెంట తీరపు పెద్దాయన గొంతు, నింపాదిగా, మొదటి పాదం సగం నుంచి: “కార్నర్‌కి పాట్లు...”

గద్య: ఇది శ్రీమత్కాశీబుగ్గ బస్టాండు సమీప టీ బడ్డీ విద్వత్సభా ప్రసాదలబ్ధ వాగ్వైభవ, అల్లం టీ పానవ్యసన, ఖాతా ఋణభార వినమ్రుడైన అనామక వ్యాఖ్యాత ప్రణీతంబైన కార్నర్ పాట్ల టీకయందు సర్వంబును ఏకాశ్వాసము. బాకీ నూట ముప్ఫై రూపాయలు.