ఇచ్చే చేతికి నమస్కారం

అయ్యా, తెలుగింటి తండ్రిగారూ! మీకు సాటి వచ్చే దాత మన పురాణాల్లో కూడా కనపడడు. కర్ణుడు కవచకుండలాలు ఇచ్చింది ఇంద్రుడొచ్చి అడిగాక. బలి మూడడుగులు ధారపోసింది వామనుడు చెయ్యి చాచాక. మీరు అడగకముందే ఇస్తారు. తనకేం కావాలో అబ్బాయికే ఇంకా తేలకముందు మీరు పట్టాదారు పాసుపుస్తకం సంచిలో పెట్టుకుని బ్యాంకుకు బయల్దేరతారు. మిమ్మల్ని చూస్తే చేతులెత్తి మొక్కాలనే ఉంటుంది నాకు. ఈ స్తుతిలో ప్రతి మాటా మనస్ఫూర్తిగా అంటున్నదే. కాకపోతే ఉన్నదున్నట్టు చెప్పుకుంటూ పోతే చివరికది మీ మీద ఫిర్యాదుగా తేలుతోంది. మీ దాతృత్వం తీరే అలాంటిది.

చట్టం మిమ్మల్ని అడిగిందెంతో చూడండి. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం కొడుకు మైనరుగా ఉన్నంతకాలం పోషించాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ చెప్పేదీ దాదాపు అదే. పద్దెనిమిది నిండిన కొడుక్కి శరీరానికో మనసుకో వైకల్యం ఉండి సంపాదించుకోలేని స్థితి అయితే తప్ప తండ్రి నుంచి మనోవర్తి అడిగే హక్కు లేదు. 2021లో సుప్రీంకోర్టు ఒక కేసులో మరో మెట్టు ఎక్కి, ఈ రోజుల్లో పద్దెనిమిదేళ్లకే చదువు పూర్తికాదు కాబట్టి మొదటి డిగ్రీ చేతికొచ్చేదాకా తండ్రి భరించాలంది. న్యాయమైన మాట. కోర్టు అక్కడితో ఆగింది. మీరు ఆగలేదు. డిగ్రీ తర్వాత ఎంఎస్, ఆ తర్వాత ఉద్యోగం దొరికేదాకా ఖర్చులు, దొరికాక పెళ్లి, పెళ్లయ్యాక ఫ్లాట్‌కి డౌన్ పేమెంట్, అది కట్టాక మనవడి స్కూలు ఫీజు. చట్టం చాలన్న చోట మీ జమాఖర్చుల పుస్తకంలో మొదటి పేజీ కూడా నిండదు.

అప్పు చెయ్యడంలో మీ గుండె ధైర్యానికి జోహార్లు. బ్యాంకుల విద్యారుణ పథకంలో ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి తనఖా పెట్టాలి. అమెరికా చదువుకు ఏడున్నర లక్షలు ఏ మూలకొస్తాయి? ఉద్యోగమంతా చిట్టీలు కట్టి, ఎల్ఐసీ మీద లోను తీసి లేపిన ఒక్కగానొక్క ఇల్లు తాకట్టులోకి పోతుంది. కో-అప్లికెంటుగా మీ సంతకం పడుతుంది. చదువయ్యాక ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కర్లేదని మేనేజరు చెబుతాడు. వడ్డీ మాత్రం డబ్బు కదిలిన రోజు నుంచే నడుస్తుందన్నది మీరు తర్వాత స్టేట్‌మెంట్‌లో చూసుకుంటారు. అక్కడ అబ్బాయికి చదువయ్యాక పనిచేసుకోవడానికి ఒక ఏడాది, స్టెమ్ కోర్సయితే మరో 24 నెలలు గడువు. ఆ లోపు హెచ్1బీ లాటరీలో పేరు రావాలి. లాటరీ అని లోకమంతా పిలిచే దాని మీద మీరు ఇల్లు ఒడ్డారు. ధర్మరాజు జూదమాడాడని తరతరాలుగా తప్పుపడుతూనే ఉన్నాం. మిమ్మల్ని మాత్రం ఊరంతా ‘కొడుకుని అమెరికా పంపాడు’ అని మెచ్చుకుంటుంది. ఆ మెప్పు మీకు తగినదే. కానీ ఆ ఇంటికి కప్పు వేసిననాడు మీతోపాటు ఇటుకలు తడిపిన మనిషిని, మీ ఆవిణ్ణి, ఒడ్డేముందు ఒక్క మాట అడిగారా?

మీ నమ్మకం కూడా పొగడదగ్గదే. ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో నేను కళ్లారా చూశాను. డెబ్బైకి దగ్గరపడిన రిటైర్డ్ మాస్టారు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. పక్కన భార్య, ఒళ్లో నీళ్ల సీసా ఉన్న బట్ట సంచి. ఇల్లు కొడుకు పేర గిఫ్ట్ డీడ్ రాయిస్తున్నారు. దస్తావేజు రాసే ఆయన కాగితాలు చదివి వినిపించి, కళ్లజోడు పైకి నెట్టి, “మాస్టారూ, మీ ఇద్దరూ బతికున్నన్నాళ్లు ఇంట్లో ఉండే హక్కు ఉంచుకుంటున్నట్టు రాయమంటారా? అబ్బాయి మిమ్మల్ని చూసుకోవాలని ఒక షరతు కూడా వేద్దాం. ఎందుకైనా మంచిది” అన్నాడు. మాస్టారు నవ్వి, “నా కొడుకు దగ్గర నాకు షరతులేంటయ్యా” అన్నారు. ఆవిడ భర్త వైపు చూసింది, ఏదో అనబోయింది, సంచి మూతికున్న తాడు బిగించుకుంటూ ఊరుకుంది. లోపల ఫొటో తీశారు, వేలిముద్ర తీసుకున్నారు. పది నిమిషాల్లో పనైపోయింది.

ఆ లేఖరి అడిగిన షరతు వెనక ఒక పెద్ద కథ ఉంది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చని అందులో 23వ సెక్షన్ చెబుతుంది. షరతు ఉందని రుజువు కాకపోతే ఆ సెక్షన్ వర్తించదని 2022లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో అంది. 2025 జనవరిలో అదే కోర్టు మరో కేసులో, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చూడాలని, అవసరమైతే ట్రిబ్యునల్ ఇల్లు ఖాళీ చేయించి తిరిగి అప్పగించవచ్చని చెప్పింది. మంచిదే. కానీ డెబ్బై ఏళ్ల వయసులో ఆ ట్రిబ్యునల్ నడిపే ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కి, కన్న కొడుకు మీద అర్జీ రాసి, పక్క బెంచీ మీద ఆ కొడుకే కూర్చుని ఉండగా ‘వీడు నాకు అన్నం పెట్టడం లేదు’ అని చెప్పుకోవడం ఎవరి వల్ల అవుతుంది? గెలిచినా ఆ చట్టం కింద నెలకు దక్కే మనోవర్తికి పార్లమెంటు గీసిన గరిష్ఠ గీత పదివేల రూపాయలు. మాస్టారి కొడుకు మంచివాడే అయ్యుండొచ్చు, చాలామంది కొడుకులు మంచివాళ్లే. మంచివాళ్లకూ ఉద్యోగాలు పోతాయి, వ్యాపారాలు మునుగుతాయి, ఇల్లు జప్తుకొస్తుంది. కొడుకు మీద నమ్మకంతో మీరు వదులుకున్న ఆ ఒక్క వాక్యం ఆవిడ తలమీద నీడ.

మీ ఓపిక సంగతికొస్తే, హైదరాబాద్ అశోక్‌నగర్ గల్లీల్లో, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద అది కనిపిస్తుంది. గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న పిల్లల హాస్టల్ ఖర్చు, కోచింగ్ ఫీజు, టెస్ట్ సిరీస్ డబ్బులు నెల తప్పకుండా ఫోన్‌పేలో పడుతుంటాయి. నోటిఫికేషన్ రాలేదు, వచ్చింది, రద్దయింది, మళ్లీ వచ్చింది, కోర్టుకెళ్లింది. ఈ పాపం పిల్లలది కాదు, మీదీ కాదు. ప్రభుత్వాలది. పత్తి పండినా ఎండినా మీరు పంపుతూనే ఉన్నారు. తెలంగాణలో యూనిఫాం ఉద్యోగాలు కానివాటికి గరిష్ఠ వయసును 2024లో 46 ఏళ్లకు పెంచారు. అంటే నలభై ఆరేళ్ల కొడుక్కి డెబ్బై ఏళ్ల బాపు మెస్ బిల్లు కట్టే వీలు కల్పించిందన్నమాట ప్రభుత్వం. మీరు కట్టగలరు కూడా, అంత ఓపిక మీది. ఆ ఓపిక వల్లే ఏ ముప్పయ్యో ఏటో, ‘ఇక చాలురా, చదువుకుంటూనే ఏదో ఒక పని చూసుకో’ అని చెప్పాల్సిన మాట మీ గొంతులో ఉండిపోయింది. ఆ మాట కోసం వాడు లోలోపల ఎదురుచూస్తున్నాడేమో కూడా మీకు తెలీదు. ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్లతో మాట్లాడితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: ఇంటికెళ్లడానికి మొహం చెల్లడం లేదని. డబ్బు పంపిన ప్రతి నెలా ఆ మొహం ఇంకాస్త వాలుతోంది.

ఇక సమదృష్టి. పిల్లలందరూ మీకు రెండు కళ్లంటారు, నిజమే. అయితే ఒక విచిత్రం వినండి. వైకల్యం లేకుండా పెద్దయిన సంతానంలో చట్టం తండ్రి పోషణ ఎవరికి రాసిపెట్టిందంటే, పెళ్లికాని, తన సంపాదన మీద తాను బతకలేని కూతురికి. 1956 చట్టం 20వ సెక్షన్ అదే. 2020లో సుప్రీంకోర్టూ ఆ హక్కును గట్టిగా నిలబెట్టింది. మీ ఇంట్లో ఎంఎస్‌కి వెళ్లిందెవరు? పక్క ఊరి డిగ్రీ కాలేజీకి వెళ్లిందెవరు? ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే వర్తించేలా ఆడపిల్లకు పిత్రార్జితంలో కొడుకుతో సమాన వాటా ఇస్తూ చట్టం చేశారు, కేంద్ర చట్టం 2005 దాకా ఆగితే. ఆ ఘనత మనది. అయినా అమ్మాయి వాటా పెళ్లిలో కట్నంగా ఇచ్చేశామని మీరంటారు. ఆ కట్నం అమ్మాయి చేతికి వచ్చిందా, అల్లుడి చేతికి వెళ్లిందా? దాన్ని ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే అని 1961 నుంచి చట్టం ఘోషిస్తూనే ఉంది. కొడుక్కి పెట్టిన నలభై లక్షల్లో సగం ఆ పిల్లదని ఒక్కరాత్రైనా మీ నిద్ర చెడిందా? ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని పొగడడానికి నాకు మాట దొరకలేదు.

మీరు ఇలా ఎందుకయ్యారో నాకు తెలుసు. మీ నాన్న మీకు రెండెకరాలు ఇచ్చి పోయాడు. ఆయనకు ఆయన నాన్న ఇచ్చాడు. మీరు కాపలాదారే తప్ప సొంతదారు కాదని చిన్నప్పటి నుంచి విన్నారు. పైగా కాలం కూడా పిల్లల పక్షాన లేదు. కొత్తగా చేరిన ఇంజినీరుకు పెద్ద ఐటీ కంపెనీలిచ్చే జీతం ఏళ్ల తరబడి మూడు, మూడున్నర లక్షల దగ్గరే కొట్టుకుంటోంది. ఆ జీతంతో హైదరాబాద్‌లో అద్దె కట్టి, తిని, మిగిల్చి ఇల్లు కొనడం కుదిరే పని కాదు. కాబట్టి ‘నేను సంపాదించుకోలేదా, వాడూ సంపాదించుకోవాలి’ అనే తండ్రులతో నేను కలవను. జబ్బు చేసిన కొడుక్కి, భర్త పోయిన కూతురికి, ఉద్యోగం ఊడిన ఆర్నెల్లకి తండ్రి అడ్డుపడకపోతే ఇంకెవరు పడతారు? ఆ చెయ్యి ఎప్పటికీ ఉండాలి.

కానీ సాయానికి ఒక లెక్క ఉంటుంది, ఒక గడువు ఉంటుంది, ఇంట్లో అందరికీ తెలిసి జరుగుతుంది. మీరు ఇచ్చేది అలా జరగదు. చెరువు కింద పొలం అమ్మిన సంగతి అబ్బాయికి ఆర్నెల్లకు గానీ తెలియలేదు. పెళ్లినాటి కాసుల పేరు గోల్డ్ లోన్‌లో ఉందని ఇప్పటికీ తెలియదు. ఆదివారం వీడియో కాల్లో ‘అంతా బాగే నాన్నా, నువ్వేం ఆలోచించకు’ అంటారు. అవతల వాడు టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ప్రాజెక్టు పోయి రెండు నెలలై, ఆ సంగతి మీకు చెబితే తట్టుకోలేరని ‘అంతా బాగే’ అంటాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరికున్న ప్రేమతోనే అబద్ధమాడుతున్నారు. మీ మౌనం వాణ్ణి సుఖంగా ఉంచడానికే, నాకు అనుమానం లేదు. ఆ మౌనం వల్ల ముప్పై ఏళ్లొచ్చిన మనిషికి తన చదువు ఖరీదెంతో తెలియకుండా పోయింది. తెలిసుంటే ఆ కోర్సులో చేరేవాడా? చిన్న యూనివర్సిటీ చూసుకునేవాడా? ఇక్కడే ఉండిపోయేవాడా? ఏది చేసినా తన నిర్ణయం తను తీసుకునేవాడు. మీరు సర్వస్వం ఇచ్చి, వాడికి దక్కాల్సిన ఆ ఒక్కటీ మీ దగ్గరే ఉంచుకున్నారు.

యయాతి కథ మీకు తెలుసు. శుక్రుడి శాపంతో ముసలితనం వచ్చిపడితే కొడుకుల్ని యవ్వనం అడిగాడు. నలుగురు కాదన్నారు, పూరుడు ఇచ్చాడు. వెయ్యేళ్లు అనుభవించాక యయాతి ఆ యవ్వనాన్ని తిరిగి ఇచ్చేశాడు. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే ఆ కథలో అడగడం ఉంది, కాదనడం ఉంది, తిరిగి ఇవ్వడం ఉంది. మీరు మీ ముసలితనానికి దాచుకున్నది కొడుక్కి ధారపోశారు. వాణ్ణి అడగనీయలేదు, కాదననీయలేదు, తిరిగి ఇచ్చే దారీ చూపలేదు. రేపు మీకు మోకాలి ఆపరేషన్ కావాల్సి వస్తే నోరు తెరిచి అడగరు కూడా. నొప్పి మాత్రలు మింగుతూ నడుస్తారు. మీ ఆత్మాభిమానం అంత గొప్పది. ఆ మాత్రలు మింగే సంగతి ఏ బంధువు ద్వారానో తెలిసిన రోజున అబ్బాయి పడే క్షోభకు కూడా మీరే కారణమవుతారు.

అందుకని అయ్యా, ఇచ్చింది చాలు అనను. ఇక మీద ఇచ్చేది చెప్పి ఇవ్వండి. ఉన్న ఇల్లు మీ ఇద్దరి పేర్ల మీద అలాగే ఉండనివ్వండి. కొడుక్కో కూతురికో రాసివ్వాలనిపిస్తే వీలునామా రాయండి, మీ తదనంతరమే అది అమలవుతుంది. గిఫ్ట్ డీడే రాయాల్సి వస్తే లేఖరి అడిగిన ఆ షరతుకు సరేనని తలూపండి, ఊపేముందు ఆవిడ వైపు ఒకసారి చూడండి. ఈ ఆదివారం అబ్బాయినీ అమ్మాయినీ ఇద్దర్నీ ఒకే కాల్లో కూర్చోబెట్టి, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఏది అమ్మారు, ఏది తాకట్టులో ఉంది అన్నీ రూపాయలతో సహా చెప్పండి. వాళ్లు పెద్దవాళ్లయ్యారు, వినగలరు.