గోవా వయా గూడూరు

చెన్నై పబ్బులో డీజేని గుర్తుపట్టడం తేలిక. చీకటి గదిలో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నవాడు అతనొక్కడే. హెడ్‌ఫోను ఒక చెవికే తగిలిస్తాడు. రెండోది మేనేజరు చీవాట్లకు ఖాళీగా ఉంచుకోవాలి. ఇంట్లో ఏ సుబ్రహ్మణ్యమో అయ్యుంటాడు, పోస్టరెక్కేసరికి ‘డీజే సుబ్జ్’. ఏ ఊరంటే గోవా అంటాడు. కాస్త రెట్టిస్తే గూడూరని తేలుతుంది.

మీరు ఏం మాట్లాడినా రెండు నిమిషాల్లో మాటను అట్లాంటాకు తీసుకుపోతాడు. “అక్కడ మ్యాజిక్ సిటీ అని స్ట్రిప్ క్లబ్బుందన్నా, 1985 నుంచి. కొత్త హిప్‌హాప్ పాట ఆడుతుందో లేదో తేల్చేది ఆ డీజేలే. పాట పడగానే అమ్మాయిలు ఊగి, నోట్లు ఎగిరాయా, హిట్టే!” మన చెన్నైలో అలాంటి క్లబ్బుల్లేవు. ఇక్కడ నోట్లకు బదులు అతని మొహమ్మీదికి వచ్చేవి పాట పేరు టైపు చేసిన సెల్‌ఫోన్లు.

అసలు మన తెలుగువాళ్ళకు క్లబ్బంటే ఏమిటో చూపించింది ఈ ఊరే, కోడంబాకం, వడపళని స్టూడియోల్లో సెట్లు వేసి. 1948 నుంచి 1971 దాకా రాష్ట్రమంతా మద్యనిషేధం. బయట చుక్క దొరకదు, ఫ్లోరు మీద మాత్రం బారులు తీరిన సీసాలు. ఆ రంగునీళ్ళకు కిక్కెక్కించే పూచీ ఎల్.ఆర్. ఈశ్వరి గొంతుది, మిగతాది జ్యోతిలక్ష్మి చూసుకునేది. (ఇప్పటి అసలు సరుకులో ఆ మత్తు లేదని నా అభిప్రాయం.) ఈ చరిత్రంతా చెప్తే మనవాడు “ఓహో, రెట్రో సెట్!” అని పెన్‌డ్రైవు వెతుక్కుంటాడు.

విద్య లేనివాడు మాత్రం కాదు. గంతులేయించడం ఎవరైనా చేస్తారు, ఇతని పనితనమంతా కూర్చోబెట్టడంలో ఉంది. జనమంతా ఆడుతుంటే బారు దగ్గర ఈగలు. అందుకని నాలుగు పాటలు దంచి, ఐదోది మెల్లగా వదుల్తాడు. చెమటలు కక్కుతూ బల్లల దగ్గరికి చేరతారు, దాహం గుర్తొస్తుంది, బిల్లు పెరుగుతుంది. మేనేజరు ఆ ఒక్క క్షణం నవ్వుతాడు. గండమంతా డప్పాంకుత్తుతోనే. నిమిషానికి నూటపాతిక దెబ్బల హౌస్ మ్యూజిక్కుది చతురస్ర నడక, కుత్తుది తిశ్రం. ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి జారితే కాళ్ళు తడబడతాయి. అప్పుడు మొత్తం ఆపేసి, “చెన్నైయ్!” అని కేకేస్తాడు. గదంతా తిరిగి కేకేస్తుంది. ఆ గోల చాటున తాళం మార్చేస్తాడు. జనం దాన్ని ఉత్సాహమనుకుంటారు గానీ, అది అతుకు.

శుక్రవారం రాత్రి ఓఎమ్మార్ నుంచి మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు దిగుతారు.

“బ్రో, ఒక్క తెలుగు పాట!”

“సారీ సార్, ఇంటర్నేషనల్ నైట్.”

“అన్నా, మాది నెల్లూరన్నా.”

గోవా మనిషి అక్కడికక్కడే కరిగిపోతాడు. ఆ ఒక్క పాటతో కొంప మునుగుతుంది. విజయ్ పాట కావాలని ఒక బల్ల, అజిత్‌ది పడాల్సిందేనని పక్క బల్ల, మమ్మల్ని మరిచావా అంటూ మలయాళీలు. మద్రాసు ఎవరిదన్న తగాదాను 1953లో తాతలు వదిలేసిన చోటు నుంచి మనవలు డాన్స్ ఫ్లోరు మీద అందుకుంటారు. గది మూడ్ అంతా నా వేళ్ళ మీదుందన్నవాడు పావుగంటలో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం అధ్యక్షుడైపోతాడు, తలా ఒక చరణం పంచుతూ.

పదకొండు కొడుతుంది. మేనేజరు లైట్లన్నీ వేసేస్తాడు. నెల్లూరు కుర్రాడు మళ్ళీ వస్తాడు.

“టైమైంది తమ్ముడూ, ఇక పాటల్లేవు.”

“పాటకు కాదన్నా. మా అక్క పెళ్ళికి సంగీత్ పెడుతున్నాం. వస్తావా?”

డీజే సుబ్జ్ కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గిస్తాడు.

“జనరేటరు మీదేగా?”