ముల్లు లేని గులాబీ

బ్యాటరీ అక్కర్లేదట. ఆమె కదలికే దాని శక్తి అట. పేపరు తెరిచినా, ఫోను తెరిచినా, చివరికి కూకట్‌పల్లిలో తలెత్తి చూసినా అదే చెయ్యి, అదే గులాబీరంగు వాచీ. మహిళా దినోత్సవం వెళ్ళిపోయింది గానీ హోర్డింగు వెళ్ళలేదు. మా మేనకోడలు మనసాగక నాకూ ఒకటి కొనిచ్చింది. కాబట్టి ఇది చేతికి పెట్టుకుని చూసి రాస్తున్న మాట.

ఆటోమేటిక్ అంటే దానంతటది నడుస్తుందని కాదు. వెనక అర్ధచంద్రాకారంలో ఒక బరువు ఉంటుంది, రోటరు అంటారు. చెయ్యి ఊగితే అది తిరుగుతుంది, తిరిగి లోపలి స్ప్రింగుకి కీ ఇస్తుంది. మా అమ్మ తన హెచ్ఎంటీ సుజాతకి రోజూ పాలు పొంగేలోపు పొయ్యి దగ్గరే నిలబడి కీ ఇచ్చుకునేది. ఇప్పుడా పని చెయ్యే చేసుకుంటుంది. ఎవరి చెయ్యి? ఆడమనిషి చెయ్యి! చపాతీలు ఒత్తే, అంట్లు తోమే, బట్టలు పిండే, పిల్లని జోకొట్టే చెయ్యి. ఆ లెక్కన మన ఇళ్ళలో ఈ వాచీకి పొద్దున తొమ్మిదయ్యేసరికే కడుపు నిండాలి.

నిండదు. డబ్బా మీద 30 మీటర్లు అని ఉంది. అంత లోతు నీళ్ళలో దిగొచ్చనుకునేరు; నాలుగు చినుకులు పడితే ఓర్చుకుంటుందని దాని భావం. అంట్ల దగ్గర తీసెయ్యాలి. పట్టీ శాటిను గుడ్డ. పసుపు అంటితే ఇక పోదు, వంట దగ్గర తీసెయ్యాలి. అంచంతా రాళ్ళు. చంటిపిల్లకి గీసుకుంటుంది, ఎత్తుకునేముందు తీసెయ్యాలి. అంటే చెయ్యి కదిలే ప్రతి పనికీ వాచీ బల్ల మీద ఉంటుంది. పట్టుచీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరి పెళ్ళికో వెళ్ళి కూర్చుంటే మాత్రం చేతికి ఉంటుంది. కదిలితే తప్ప బతకని దాన్ని కదలనివ్వని నగగా గీసిన మహానుభావుడెవరో గానీ, ఆయన ఇంట్లో ఎవరూ పని చెయ్యరేమో!

పైగా నాజూకు. లేడీస్ వాచీల కోసం స్విట్జర్లాండు ఈటీఏ కంపెనీ చేసే 2671 అనే ఆటోమేటిక్ యంత్రం వెడల్పు 17.2 మిల్లీమీటర్లు. మగవాళ్ళ వాచీల్లో తిరిగే దాని అన్న 2824 వెడల్పు 25.6. మందంలో చూడండి తమాషా: చెల్లెలు 4.8, అన్న 4.6. వెడల్పు తగ్గించగలిగారు, ఎత్తు తగ్గలేదు. చిన్న డయలు, కింద బొద్దుగా పొట్ట. నా మణికట్టు మీద పూర్ణంబూరెలా కూర్చుంటుంది. రోటరు చిన్నదయ్యేకొద్దీ దాని ఊపూ తగ్గుతుంది, అంటే చెయ్యి ఇంకాస్త ఎక్కువ ఊపాలి. ఎక్కడ ఊపమంటారు, పెళ్ళిపందిట్లోనా?

నిండుగా కీ ఉంటే దాదాపు 38 గంటలు నడుస్తుంది. శుక్రవారం రాత్రి ఎనిమిదికి తీసి బల్ల మీద పెడితే ఆదివారం పొద్దున పదింటికల్లా ప్రాణం పోతుంది. ఇదే మాట షాపులో కుర్రాడితో అన్నాను. ఏ మాత్రం తొణక్కుండా, "వైండర్ తీసుకోండి మేడమ్" అన్నాడు. అదొక పెట్టె. లోపల మోటారు. వాచీని అందులో పడుకోబెడితే పసిపిల్లని ఉయ్యాలలూపినట్టు తిప్పుతూ ఉంటుంది. "మరి ఆ పెట్టె దేనితో నడుస్తుంది నాయనా?" "ప్లగ్గులో పెట్టాలి మేడమ్."

చిత్తం. బ్యాటరీ అక్కర్లేని వాచీకి కరెంటు కావాలి. ఆమె కదలికే శక్తి అన్నది ప్రకటన; ఆమె బదులు మోటారు కదలాలన్నది షాపు. రేపు కరెంటు పోతే పెట్టెకి ఇన్వర్టరు, ఇన్వర్టరుకి బ్యాటరీ. మొదట వద్దన్న బ్యాటరీ చుట్టూ తిరిగి వంటింటి గుమ్మంలోంచే వచ్చి కూర్చుంది.

డయలుకి హృదయాకారంలో ఒక కన్నం కూడా పెట్టారు, లోపలి చక్రం కొట్టుకోవడం కనపడాలని. ముత్యపుచిప్ప మెరుపు సంగతి వదిలేస్తున్నాను.

వదలనిది ఒకటుంది. సెకన్ల ముల్లు లేదు. నిమిషాల గీతలు లేవు. అంకెల్లేవు. పన్నెండు దగ్గర ఒక రాయి, అంతే. ఉన్న రెండు ముళ్ళూ కవలలు, ఏది చిన్నదో ఏది పెద్దదో కన్నతల్లికే తెలియాలి. గులాబీ అన్నాక ముల్లుండాలిగా, అదీ పీకేశారు. అడిగితే, ఆడవాళ్ళు సెకన్లు చూడరు మేడమ్ అని జవాబు.

చూడరా? మా అక్క గుంటూరులో ముప్ఫై ఏళ్ళు స్టాఫ్ నర్సు. నాడి పట్టుకుని నిమిషం లెక్కపెట్టడానికి సెకన్ల ముల్లే ఆధారం. లేడీస్ వాచీల్లో అది దొరక్క బావ పాత వాచీకి రెండు బెజ్జాలు ఎక్కువ పొడిపించుకుని సర్వీసంతా గడిపింది. ఆర్టీసీ కండక్టరమ్మకి బస్సు బయల్దేరే నిమిషం ముఖ్యం. టిక్కెట్లు కొడుతూ రోజంతా చెయ్యాడించే మనిషి. న్యాయంగా ఆటోమేటిక్ వాచీ ఆమె చేతి మీదే ఆగకుండా నడవాలి. ఆమె కోసం ఎవడూ గియ్యడు. ఆమె చెమటకి శాటిను పాడవుతుంది కదా! పిల్లల బస్సు, కుక్కరు కూతలు, మామగారి మందులు, ఆఫీసు బయోమెట్రిక్కు — ఇంటిల్లిపాది కాలాన్నీ ఒక మనిషి నెత్తిన పెట్టి, ఆ మనిషికి టైము తెలియని వాచీ అమ్మడం అందమా? ఇది సిగ్గులేనితనం. రాళ్ళు పొదిగినంత మాత్రాన మరో మాట రాదు.

ఎన్నాళ్ళకో ఆడవాళ్ళని తల్చుకుని దయ చూపించినట్టు మాట్లాడతారు గానీ, చేతిగడియారం అసలు ఎవరి సొత్తు? 1810లో నేపుల్స్ రాణి కరోలిన్ మ్యురా పారిస్‌లో బ్రెగే అనే గడియారాల పనివాడికి పురమాయిస్తే, చేతికి కట్టుకునే కోడిగుడ్డు ఆకారపు గడియారం 1812లో చేసిచ్చాడు. మీట నొక్కితే గంటలు కొట్టేది, పైగా అందులో థర్మామీటరు! మగవాళ్ళు జేబు గొలుసులు పట్టుకుని వేలాడారు. ముంజేతి వాచీ గాజుల్లాంటిదని నామోషీ పడ్డారు. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో జేబు తడుముకునే తీరిక లేక కట్టుకున్నారు. ఆటోమేటిక్ అయినా కొత్తదేం కాదు, బ్లాంపాన్ కంపెనీ 1930లోనే ఆడవాళ్ళకి 'రోల్స్' చేసింది. మూడేళ్ళకి ఆ కంపెనీ బెట్టీ ఫీష్టర్ అనే ఆవిడ చేతికొచ్చింది. మన దగ్గర మాత్రం వాచీ అల్లుడిగారి లాంఛనాల జాబితాలోకి వెళ్ళింది. ముహూర్తం టైము ఆయన చూసుకునేవాడు, పెళ్ళికూతురు తలొంచుకు కూర్చునేది.

మొన్న ఆదివారం అక్క వచ్చింది. బల్ల మీద నా వాచీ చూసి, కళ్ళజోడు పెట్టుకుని, హృదయాకారపు కన్నంలోకి తొంగిచూసింది.

"గుండె కనపడుతోంది గానీ కొట్టుకోవట్లేదేమే?"

"పోయిందక్కా."

నర్సు కదా, అలవాటుగా అడిగింది: "ఎన్నింటికి పోయింది?"

దాని మీదే ఉంటుంది కదా అని తీసి చూశాను. కిటికీ దగ్గరికి తీసికెళ్ళి వెలుతుర్లో పెట్టి చూశాను. పదీ పదికో, రెండుకి పది తక్కువకో. ఏ ముల్లు ఏదో నాకు తెలియలేదు.