రెండు గడుల కాగితం

నేను ప్రయాణ సర్వే పత్రాన్ని. నాలో పక్కపక్కన రెండు గడులుంటాయి. ఎడమ గడిలో హైదరాబాద్‌లోని రాయదుర్గం దాకా మెట్రో, దిగాక ఆఫీసుకు ఎండలో నడక అనుకోండి. కుడి గడిలో అదే మెట్రో, దిగాక షటిల్ బస్సు; 10 నిమిషాలు కలిసొస్తాయి, 15 రూపాయలు ఎక్కువవుతాయి. కుడివైపు టిక్కు పడితే ఆ మనిషి తన గంటకు కనీసం 90 రూపాయలు కట్టాడన్నమాట. అయితే అందులో ఎండ తప్పిందన్న సుఖం కూడా కలిసుంటుంది. దాన్ని విడదీయడానికే టికెట్టు ధర, నడక, సమయం మార్చి మార్చి అడుగుతాను. కొత్త ఫ్లైఓవర్ వల్ల జనానికి ఒరిగేదెంతో లెక్కగట్టేది ఇలాంటి టిక్కులతోనే.

జనం చెప్పేదొకటి, చేసేదొకటి అంటారు. నిజమే. కారు మానేస్తామని కాగితం మీద చెప్పడం తేలిక. అందుకే నిన్న ఎలా వెళ్లారో కూడా అడగాలి. అమెరికాలో బార్ట్ రైలు రాకముందే ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం ఉద్యోగులు అప్పటికి చేస్తున్న ప్రయాణాలను ఆరా తీసి, 6.3 శాతం మంది రైలెక్కుతారని అంచనా కట్టింది. ఎక్కింది 6.2 శాతం. అధికారిక అంచనా మాత్రం 15. మెక్‌ఫాడెన్‌కు 2000లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఫోన్లూ మెట్రో కార్డులూ అన్నీ చెబుతుంటే ఈ కాగితమెందుకన్నది మరో మాట. రాయదుర్గం స్టేషన్ 2019 నవంబరులో తెరుచుకుంది. 2020 మార్చికల్లా ఐటీ పని ఇళ్లకు చేరింది. ఆ నాలుగు నెలల కార్డు లెక్కలు పట్టుకుని, వారానికి మూడు రోజులే ఆఫీసుకొచ్చే మనిషి ఏం చేస్తాడో ఎలా చెబుతాం? నేనూ పాతబడతాను: 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అంతకుముందు అచ్చయిన పత్రంలో వాళ్ల గడి తప్పే. ఇక కార్డుకు తెలిసేది ఎక్కినవాళ్లే. ఎక్కలేక మానేసినవాళ్ల జాడ దానికి లేదు.

నన్ను పంచే చోటు దగ్గర కూడా అదే పొరపాటు జరగొచ్చు. స్టేషన్ గేటు దగ్గరే నిలబడితే నాకు దొరికేది మెట్రో మనుషులే. నానక్‌రామ్‌గూడకు షేర్ ఆటో ఎక్కే సెక్యూరిటీ గార్డు చేతికీ నేను వెళ్లాలి. తెల్లవారకముందే ఆఫీసులు తుడవడానికి వచ్చే ఆమెకు నన్ను చదివి వినిపించి, జవాబును ఆమె మాటల్లోనే రాసుకోవాలి.