నేను పాల పన్నును కాను

కింది దవడలో కుడివైపు దవడ పన్నును నేను. డెంటిస్టులు చీటీ మీద 46 అని రాస్తారు. మా పిల్లకు ఆరేళ్లు నిండే వేళ చిగురు చీల్చుకుని బయటికొచ్చాను. నేను రావడానికి ఏ పాల పన్నూ ఊడక్కర్లేదు, వాటన్నిటి వెనక ఖాళీలో మొలుస్తాను. అందుకే కొత్త పన్ను వచ్చిందని ఇంట్లో ఎవరూ గమనించలేదు. కొన్నాళ్లకు నా మీద నల్లటి గీత కనిపిస్తే, ‘‘ఊడిపోయే పన్నేలే’’ అంది నాన్నమ్మ. ఈ మాట ఎన్ని ఇళ్లలో అంటారో! నేను పోతే నా చోట ఇంకొకటి రాదు.

నా నెత్తి చదునుగా ఉండదు, నిండా గాళ్లే. వాటిలో కొన్ని బ్రష్ కుచ్చు కూడా దూరనంత ఇరుకు. బిస్కెట్ పిండి చేరిందంటే అక్కడే ఉండిపోతుంది. పాచిలోని బ్యాక్టీరియా అందులోని చక్కెర తిని ఆమ్లం వదులుతుంది. పీహెచ్ 5.5 కంటే దిగితే నా ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని మళ్లీ నాలో నింపుతుంది. దానికి కాస్త తీరిక మాత్రం ఇవ్వాలి. తీపి ఒక్కసారి తినేసి ఊరుకుంటే తట్టుకోగలను, గంటగంటకూ తింటేనే నాకు చేటు.

ఇంటర్‌కు విజయవాడ హాస్టల్‌లో చేరాక ఆ తీరిక పోయింది. తెల్లారకముందే స్టడీ అవర్, బాత్రూముల దగ్గర క్యూ, బ్రష్ నోట్లో నాలుగుసార్లు ఆడించి పరుగు. రాత్రిళ్లు నిద్ర ఆపుకోడానికి క్రీమ్ బిస్కెట్లు, గుక్కగుక్కగా కూల్‌డ్రింక్, అలాగే పడక. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. రాత్రంతా ఆ ఆమ్లంలో నానేదాన్ని.

నన్ను పట్టుకుని ఉన్న చిగురూ ఎర్రబడి ఉబ్బింది. ఈడొచ్చే వయసులో హార్మోన్ల వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్లు వాస్తాయి. ఉమ్మిలో నెత్తురు చూసి భయపడి, మా పిల్ల ఆ పక్క తోమడమే మానేసింది. నెత్తురొచ్చే చోటే మెత్తటి బ్రష్‌తో ఇంకా శ్రద్ధగా తోమాలని ఒక్కరైనా చెప్పి ఉంటే! 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే పరిశోధకుడు కొందరు విద్యార్థుల చేత పళ్లు తోమడం మాన్పించి చూశాడు. మూడు వారాల లోపే వాళ్ల చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలెట్టాక కొద్దిరోజుల్లోనే కుదుటపడ్డాయి. మా పిల్ల నోట్లో మాత్రం పాచి అలాగే ఉండి గారకట్టింది. గార బ్రష్‌కు లొంగదు.

ఎనామిల్‌లో నరాలుండవు, అందుకే పుచ్చు అది దాటేదాకా నేను నోరెత్తలేదు. లోపలి డెంటిన్‌కు చేరాక చన్నీళ్లు తగిలితే జివ్వుమనేది. పిల్ల ఎడమవైపు నమలడం అలవాటు చేసుకుంది. రూమ్మేట్ లవంగం ఇచ్చింది. నొప్పి మొద్దుబారింది, పుచ్చు ఆగలేదు. ‘‘పరీక్షలయ్యాక చూద్దాంలే అమ్మా’’ అని ఫోన్లో వాళ్లమ్మ. ఒక రాత్రి నాలో నరం వాచింది. పడుకుంటే పోటు, లేచి కూర్చుంటే కాస్త నయం. తెల్లవార్లూ పిల్ల గోడకానుకుని కూర్చుంది.

‘‘పురుగు పట్టిందాండీ?’’ అని పళ్లాసుపత్రిలో అడిగింది వాళ్లమ్మ. ‘‘పురుగేం ఉండదమ్మా. ముందే తీసుకొచ్చి ఉంటే చిన్న ఫిల్లింగ్‌తో సరిపోయేది’’ అన్నారు డాక్టరమ్మ, ఎక్స్‌రే చూపిస్తూ. నా రెండు వేళ్లలోని కాలువలు శుభ్రం చేసి నరం తీసేశారు, పైన క్యాప్ తొడిగారు. ఇప్పుడు నాకు చల్లదనం తెలియదు. ఎముకకు నన్ను కట్టి ఉంచిన నారలు బతికే ఉన్నాయి కనుక, వేరుశనగ గింజ కొరికితే ఆ ఒత్తిడి మాత్రం తెలుస్తుంది. గార తీయించాక, రాత్రి బ్రష్ కూడా మొదలయ్యాక చిగురు గులాబీ రంగుకు తిరిగింది.

నా వెనక, పన్నెండేళ్లప్పుడు వచ్చిన చెల్లెలు ఉంది. దాని గాళ్లు లోతే గానీ ఇంకా పుచ్చలేదు. వాటిని ఆరబెట్టి, సీలెంట్ పూసి, నీలి లైటు పట్టి గట్టిపరిచారు డాక్టరమ్మ.