గోడలెక్కిన వంక

మా ఊరు అంగళ్లలో తెలివైనవాడెవరని రోడ్డు మీద నిలబడి అడిగితే ఎవరూ నా పేరు చెప్పరు. చెబితే బాగుండునని మాత్రం నాకు ఎప్పట్నుంచో ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ పై అధికారి ముందు చేతులు కట్టుకుని, రిటైరయ్యాక సొంతూళ్లో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ ఈ జబ్బు వస్తుంది. మీకు రాలేదంటే మీరింకా రిటైరవలేదన్నమాట.

ఆ జబ్బుకి మొదటి మందు ఇల్లు కట్టడం. మదనపల్లెకి పోయే బస్సుల్లో జనం మెడ తిప్పి చూడాలి, అంతే నా ప్లాను. ఇంజినీరు గీసినదాని మీద నేను మళ్లీ గీశాను. ముందర వరండా, వరండాకి స్తంభాలు, స్తంభాలకి పువ్వులు. ఇసక ఎంత పడుతుందో మేస్త్రీ చెప్పి, రేటు చూస్తే గుండె ఆగుతుంది సార్ అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇసక్కి మాకేం కరువు? మా పొలం అంచునే వంక. చిన్నప్పుడు మేం కబడ్డీ ఆడి, దాహమేస్తే మోచేతిలోతు చెలమ తవ్వి నీళ్లు తాగిన వంక. ఎండాకాలంలో కూడా తాగాం. ఆ ఒక్క ముక్క మీద కాస్త ఆలోచించి ఉంటే ఇదంతా రాయాల్సిన పనుండేది కాదు. కానీ ఆలోచించేవాడికి స్తంభాలకి పువ్వులెందుకు?

వంక నాది కాదు, సర్కారుది. 2002లో వచ్చిన వాల్టా చట్టం నీళ్లతోపాటు ఇసకనీ కాపాడాలనే చెబుతుంది. అది తెలిసే, 'మన గట్టు పక్కనే కదా' అని నాకు నేనే పర్మిషన్ ఇచ్చుకున్నాను. ట్రాక్టర్లు రాత్రిపూట నడిచాయి. రాత్రే ఎందుకని మీరు అడగరని నాకు తెలుసు. ఇంటికి పోగా మిగిలింది చుట్టాలకిచ్చాను. అమ్మలేదండీ, డీజిలు ఖర్చు మాత్రం తీసుకున్నాను. ఆ డీజిలు ఖర్చుతో మా ఆవిడకి గాజులొచ్చాయి.

పక్క పొలం పెద్దాయన్ని నేను చిన్నాయనా అని పిలుస్తాను. ఒకరోజు గట్టు మీద నిలబడి, వంక అడుగున తేలిన బండని చూసి, "ఏమప్పా, యేటిని ఎత్తుకొనిపోయి ఇంట్లో పెట్టుకుంటా ఉండావే" అన్నాడు. పొగిడాడనుకున్నాను. "అవును చిన్నాయనా, గోడలు ఉక్కులాగ వచ్చినాయి" అన్నాను.

రెండో ఎండాకాలానికి మా తాత తవ్వించిన బావి ఎండిపోయింది. వంక ఒడ్డునే ఉండే బావి. మా తాత కాలంలో కపిల తోలినా, మా నాయన కాలంలో మోటారు పెట్టినా అడుగు కనిపించనిది. నేను వెంటనే కారణం కనిపెట్టేశాను: చుట్టుపక్కలవాళ్లు బోర్లు వేసి మన నీళ్లు లాగేస్తున్నారు. మనకేదైనా నష్టం జరిగితే దానికి కారణం పక్కవాడి పొలంలోనే ఉంటుందని కనిపెట్టడానికి చదువు అక్కర్లేదు. చదువుంటే దాన్ని గట్టిగా చెప్పగలం, అంతే తేడా.

సరిగ్గా అప్పుడే 2023 జులై వచ్చింది. మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది. నిన్నటిదాకా కాయల్ని రోడ్డు పక్కన పారబోసినవాళ్లు కార్లు బుక్ చేస్తున్నారని పుకార్లు. నా నాలుగెకరాలు నన్ను చూసి నవ్వుతున్నట్టుగా ఉండేది. టమోటా పెట్టాలి. టమోటాకి నీళ్లు కావాలి. నీళ్లకి బోరు వెయ్యాలి.

మామూలు మనిషైతే బోరు వేయించుకుని ఊరుకుంటాడు. నేను ముందు ఉపన్యాసమిచ్చాను. అమెరికాలో ఓగల్లాల అనే నీటిపొర గురించి ఎక్కడో చదివాను. రాకీ పర్వతాల నుంచి లక్షల ఏళ్లు కొట్టుకొచ్చిన ఇసక, గులకరాళ్లు ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకుని, వాటి సందుల్లో నీళ్లు నిలిచి, అక్కడి గోధుమనీ మొక్కజొన్ననీ అవే తడుపుతున్నాయట. టీ అంగడి బెంచీ మీద కూర్చుని నేను ఆ ఓగల్లాలని అంగళ్లకి లాక్కొచ్చాను. "మన కిందా పాతకాలపు నది ఒకటి ఉంది. ఇసక, గులకరాళ్లు, దాని నిండా నీళ్లు. లోతుకి పోయే ధైర్యం ఉండాల" అన్నాను. అక్కడ రాకీ పర్వతాలు ఉంటే ఇక్కడ మనకి హార్సిలీ హిల్స్ లేవా అని కూడా అడిగాను. ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. గెలిచాననుకున్నాను.

సైన్సంటూ ఇంత మాట్లాడినవాణ్ని, తెల్లారి ఎవరూ లేవకముందే టెంకాయ పెట్టి పాయింటు చూసే ఆయన్ని పిలిపించాను. ఈ సంగతి మా ఆవిడకి కూడా తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరిగాడు. బోరు బండి రావడానికి దారి ఎక్కడ బాగుందో సరిగ్గా అక్కడే టెంకాయ లేచి నిలబడింది.

తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి బోరు బండి వచ్చింది. ఊరు వచ్చింది. మా ఆవిడ కాఫీలు పెట్టింది. చిన్నాయన కూడా వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాడు. బండి గర్జించింది, పైన గరుసు ఉన్నంత మేర కేసింగు దింపారు, వంద అడుగులకి కొంచెం తేమ కనిపించింది, "అదిగో!" అని నేను అరిచాను, రెండొందలకి అది కూడా పోయింది, మూడొందలకి తెల్లటి దుమ్ము, ఐదొందలకి ఇంకా తెల్లటి దుమ్ము, డ్రైవరు సగం తమిళంలో ఆపమంటారా సార్ అన్నాడు, జనం నా మొహం చూశారు, ఇంకో వంద అన్నాను, లోతుకి పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుందన్నాడు, డబ్బు గురించి నాతో మాట్లాడొద్దన్నాను, ఎనిమిదొందలు, దుమ్ము, ఎవరో దగ్గారు, ఎవరో నవ్వారు, ఆ నవ్వు వినిపించాక ఇక వెనక్కెట్లా వస్తాం, వెయ్యి దాటింది, దుమ్ము, దుమ్ము. బండి ఆగేసరికి ఊరంతా వెళ్లిపోయింది. కొత్త ఇల్లు, స్తంభాలు, పువ్వులు, నేను, అందరం ఒకటే రంగు. మా ఆవిడ నన్ను గొంతు విని గుర్తుపట్టింది. గాజులు మర్నాడే మదనపల్లెలో కుదువకి పోయాయి.

వెయ్యి అడుగుల దగ్గర నేను తవ్వుతున్నది భూమిని కాదు, నా పరువుని. అయినా ఆపలేదు. పేకాటలో పోయినదాన్ని పేకాటలోనే తేవాలనుకునేవాళ్లు, కోర్టులో ఎకరం కోసం రెండెకరాలు అమ్ముకునేవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. అద్దంలో చూస్తే ఒకడైనా కనిపిస్తాడు.

భూగర్భశాస్త్రం చదువుతున్న నా మేనల్లుడు సెలవులకి వచ్చి, ఆ దుమ్ముకుప్ప ముందు చతికిలబడ్డాడు. గుప్పెడు తీసి నలిపాడు. "మామా, ఇది గ్రానైటు. వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. దీని కింద నది ఉండదు, ఇంకా గ్రానైటే ఉంటుంది." మరి నీళ్లో అన్నాను. పైన రాయి కుళ్లి గరుసైన పొరలో కొన్ని, దాని కింద బండ పగుళ్లలో కొన్ని ఉంటాయట. లోతుకి పోయేకొద్దీ పై బరువుకి ఆ పగుళ్లు మూసుకుపోతాయట. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడుచోట్లా ఇదే కథ.

"మరి ఇసకా గులకరాళ్లూ?" అని అడిగాను. పరువు పోయినా పట్టు పోలేదు.

"అవీ ఈ బండలోంచి వచ్చినవే మామా." గ్రానైటులో ఒక భాగం ఎండకీ వానకీ మెత్తబడి బంకమట్టి అవుతుంది. పలుగురాయి మాత్రం కరగదు. పలుకులుగా రాలి ఇసక అవుతుంది. గట్టి వాన పడినప్పుడు కొండ వాలున ఉరికే నీళ్లు అన్నిటినీ కలిపి మోసుకొస్తాయి. వాలు తగ్గినచోట నీటి వేగం తగ్గుతుంది. మొదట రాళ్లు దిగుతాయి, తర్వాత గులకరాళ్లు, ఆ తర్వాత ముతక ఇసక, సన్న ఇసక. బంకమట్టి చివరిదాకా నీళ్లతోనే పోయి చెరువు అడుగున చేరుతుంది. వరదకి ఒక పొర చొప్పున వందల ఏళ్లు పేరుకుంటే వంకలో ఇసక మేట అవుతుంది. రేణువులు ఎంత దగ్గరగా పడినా మధ్యలో సందులుంటాయి; మేటలో నాలుగో వంతుకి పైన ఖాళీయే. నీళ్లుండేది ఆ ఖాళీలో.

బంకమట్టిలో ఖాళీ ఇంకా ఎక్కువట. కానీ అది డబ్బున్న పిసినారి, దాచుకుంటుంది తప్ప ఇవ్వదు. ఇసక ఇస్తుంది. ఇసకలోంచి నీరు ఎంత తేలిగ్గా కదులుతుందో లెక్కగట్టే సూత్రాన్ని హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజినీరు 1856లోనే రాశాడు, గొట్టంలో ఇసక నింపి నీళ్లు పోసి చూసి. నేను ఇసకలో కబడ్డీ ఆడి కూడా కనిపెట్టలేకపోయాను.

మేనల్లుడు పుల్లతో నేల మీద లెక్క వేశాడు. కిలోమీటరు పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతున మేట ఉందనుకుంటే 60,000 ఘనపు మీటర్లు. భూగర్భ జలాల లెక్కల్లో ఇసక మేటలోంచి తోడగలిగే నీళ్లకి 16 శాతం వేస్తారు. అంటే 96 లక్షల లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 1,920. అది ఒక్కసారి నిండితే. వంక పారినప్పుడల్లా మళ్లీ నిండుతుంది. కుళ్లిన గ్రానైటుకి 1.5 నుంచి 3 శాతం. పగుళ్లు పెద్దగా లేని గట్టి బండకి 0.3. నేను 16ని ఎత్తి గోడలకి పూసి, 0.3 కోసం వెయ్యి అడుగులు దిగాను. కిలోమీటరు మేట నేనొక్కణ్నే తియ్యలేదని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను. నా వంతు నేను తీశాను.

ఇంకో సంగతి కూడా చెప్పాడు, కడుపు మండేట్టుగా. ఇసకలో రెండడుగుల కిందికి దిగిన నీటిని ఎండ పెద్దగా లాక్కోలేదట. అందుకే మా చెలమ, మా తాత బావి ఎండాకాలంలోనూ బతికాయి. మేట ఖాళీ అయ్యాక వరద బండ మీద జారి గంటల్లో దిగువకి పోతోంది. కెన్యాలో కిటుయి ప్రాంతంలో ఎండువాగులకి అడ్డంగా గోడలు కట్టి, వరద తెచ్చే ఇసకని వాటి వెనక నింపి, ఆ ఇసకలోంచి నీళ్లు తోడుకుంటారట. వాళ్లు ఇసక కోసం గోడ కట్టారు. నేను గోడ కోసం ఇసక తవ్వాను.

అంత దూరమెందుకు? నంది కొండల్లో పుట్టి కుప్పం పక్కగా తమిళనాడులోకి పోయే పాలారు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే కనిపిస్తుంది. అయినా ఆ ఇసక పడకలో బావులు దింపి ఊళ్లకి ఊళ్లే నీళ్లు తాగాయి. మా రాయలసీమ యేళ్లలో ఊటకాలువలు తవ్వి, ఇసకలోంచి ఊరే నీళ్లతో పెద్దలు మళ్లు తడిపారు. ఇప్పుడు శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లని పంపులతో ఎత్తి హంద్రీ-నీవా కాలువలో మావైపు తెస్తున్నారు. కావాలి, రావాలి. కాని వచ్చిన నీళ్లు నిలవడానికి వంకలో నేను ఏం మిగిల్చానో చెప్పమంటే నా దగ్గర జవాబు లేదు.

చిన్నాయన్ని అడిగాను, అప్పుడే ఎందుకు ఆపలేదని. "చెప్తే వినే మొగమా అది?" అన్నాడు. కాదు.

టమోటా పెట్టలేదు. ఆ ఏడు సెప్టెంబరుకే రేటు నేలకి పడింది కాబట్టి, ముందుచూపుతోనే పెట్టలేదని టీ అంగట్లో చెబుతున్నాను. ఈసారి వానలకి బండ మీద జానెడు ఇసక చేరింది. ట్రాక్టరు పంపమంటారా అని ఫోను చేసినవాణ్ని తిట్టి పెట్టేశాను. మేనల్లుడు అడ్డంగా రాళ్లకట్ట ఒకటి వేయిద్దామంటున్నాడు, పర్మిషన్ తీసుకునే, పగలే.

మీ పొలం పక్క వంకలో మేట ఇంకా మిగిలుంటే ఇల్లు కాస్త చిన్నదిగా కట్టుకోండి, స్తంభాలు మానుకోండి. బోరు పాయింటు చూపించమని నన్ను పిలవొద్దు. వంక చూడమంటే వస్తాను, టెంకాయ లేకుండా.